విజయవాడ నుంచి విదేశాలకు: మీ సరుకును ఆన్‌లైన్‌లో అమ్మి, క్షేమంగా చేర్చడం ఎలా

ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోని ఏ అంతర్జాతీయ కొరియర్ కౌంటరు దగ్గర కాసేపు నిలబడినా, కొత్తావకాయ డబ్బాలు సంచుల్లో పెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు కనిపిస్తారు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలకు అలా పంపడం మనకు ఎప్పటినుంచో అలవాటైన పని. చాలామందికి వ్యాపారపు ఆలోచన కూడా ఈ అలవాటులోంచే పుడుతుంది. అమ్మాయి స్నేహితురాళ్ళు మాకూ కావాలంటారు, డబ్బు పంపుతామంటారు, మరో రెండు కిలోలు కలిపితే సరిపోతుందనిపిస్తుంది. అయితే పిల్లలకు పంపిన పెట్టె కానుక. డబ్బు తీసుకుని పంపిన పెట్టె ఎగుమతి. లోపల ఉన్నది అదే జాడీలోంచి తీసిన అదే ఆవకాయ అయినా, ఈ రెండింటికీ కాగితాలు వేరు, పన్నులు వేరు, బాధ్యతలు వేరు.

ఈ తేడా నాకు నష్టపోయాకే అర్థమైంది. మొదటి ఏడాది ఒక కొరియర్ ఏజెంటు, "గిఫ్ట్ అని రాసేద్దామండీ, తొందరగా వెళ్ళిపోతుంది" అన్నాడు, నేను సరేనన్నాను. పన్నెండు కిలోల పెట్టె, ఆరు రకాల పచ్చళ్ళు, లోపల ధరల బిల్లు కూడా ఉంది. అవతలి దేశపు కస్టమ్స్ వారు పెట్టె తెరిచారు, బిల్లు చూశారు, బయట రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదని సరుకును ధ్వంసం చేశారు. కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చాను. వారి నమ్మకాన్ని మళ్ళీ సంపాదించుకోవడానికి మరో ఏడాది పట్టింది. పెట్టె మీద రాసినది, పెట్టెలో ఉన్నది, బ్యాంకుకు వచ్చిన డబ్బు ఈ మూడూ ఒకే మాట చెప్పేలా చూసుకోవాలన్నదే ఈ వ్యాసంలో మీకు అడుగడుగునా కనిపిస్తుంది.

ముందు ఒక్క సరుకు, ఒక్క దేశం

"ప్రపంచమంతా పంపుతాము" అని మొదలుపెట్టకండి. నిబంధనలు సరుకును బట్టి, దేశాన్ని బట్టి మారతాయి కనుక అయిదు సరుకులు, అయిదు దేశాలు పెట్టుకున్నవారు ఇరవై అయిదు రకాల నిబంధనలు నేర్చుకోవలసి వస్తుంది. ఒక సరుకును ఒక దేశానికి పది పదిహేను సార్లు ఇబ్బంది లేకుండా పంపిన తరువాతే రెండవదాని జోలికి వెళ్ళండి.

మన చుట్టుపక్కల దొరికే వాటిలో కొత్తవారికి అన్నిటికన్నా సులువైనది మంగళగిరి చేనేత. చీర మడత పెడితే చదునుగా ఉంటుంది, పగలదు, కారదు, పాడవదు, బరువుకు తగిన ధర పలుకుతుంది. మంగళగిరి చీరలకు, వస్త్రాలకు భౌగోళిక గుర్తింపు ఉంది కనుక, నేసినవారి దగ్గరనుంచో సహకార సంఘం నుంచో కొని, ఆ కొనుగోలు బిల్లును భద్రపరిస్తే, మీది నిజమైన మంగళగిరి సరుకేనని చూపించుకోవచ్చు. నూలు ఎంత, పట్టు ఎంత, జరీ అంచు దేనితో చేసినదో ఉన్నది ఉన్నట్లు రాయాలి. రంగు దిగే చీర అయితే ఆ సంగతి కూడా ముందే చెప్పండి. మొదటి ఉతుకులో నీళ్ళు ఎర్రబడగానే బోస్టన్‌లో ఉన్న కొనుగోలుదారుకు కలిగే అనుమానాన్ని ఆ తరువాత ఎన్ని సంజాయిషీలు చెప్పినా తీర్చలేము.

కొండపల్లి బొమ్మలు అందంగా ఉంటాయి, భౌగోళిక గుర్తింపూ ఉంది, బొమ్మల కొలువు పెట్టే ప్రవాసుల ఇళ్ళలో దసరాకూ సంక్రాంతికీ గిరాకీ ఉంటుంది. కానీ వీటిలో మూడు చిక్కులున్నాయి. వీటిని చెక్కే తెల్లపొణికి కర్ర మృదువైనది, అతికించిన చేతులు, కొమ్మలు దారిలో విరుగుతాయి. రెండవది, ఆస్ట్రేలియా వంటి దేశాలు పురుగుల భయంతో కర్ర వస్తువులను తనిఖీ చేస్తాయి, శుద్ధి చేయించిన పత్రం అడగవచ్చు. మూడవది, పిల్లల ఆటబొమ్మగా అమెరికాకు అమ్మితే పూతలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న పరిమితి, ప్రయోగశాల పరీక్ష, ధ్రువపత్రం ఇవన్నీ వర్తిస్తాయి. దశావతారాల వరుస, అంబారీ ఏనుగు వంటివి కొలువులోనో అద్దాల బీరువాలోనో పెట్టుకునే అలంకరణ వస్తువులు కనుక వాటిని అలాగే వర్ణించి అమ్మండి. పక్కన ఆడుకుంటున్న పసిపిల్లవాడి ఫొటో మాత్రం పెట్టకండి. మీరు చెప్పే మాట ఒకటి, చూపే ఫొటో మరొకటి అయితే చెప్పినదానికి విలువ ఉండదు.

పచ్చళ్ళు, పొడులు, గుంటూరు కారం అన్నిటికన్నా గిరాకీ ఉన్నవి, అన్నిటికన్నా కష్టమైనవి. వాటి గురించి వివరంగా చెప్పవలసింది చాలా ఉంది, తరువాత వస్తాను.

కాగితాలు, వరుస తప్పకుండా

మొదట వ్యాపారం పేరుతో బ్యాంకులో కరెంటు ఖాతా తెరవండి. ఏ శాఖలోనైనా తెరవకుండా, విదేశీ మారకపు లావాదేవీలు చూసే శాఖ ఏదో అడిగి తెలుసుకుని అక్కడ తెరవడం మంచిది. చిన్న శాఖలో ఎగుమతి మాట ఎత్తితే మీ ఫైలును మరో శాఖకు పంపుతారు, వారాలు గడిచిపోతాయి.

తరువాత జీఎస్టీ నమోదు. ఎగుమతిని చట్టం అంతర్రాష్ట్ర సరఫరాగా పరిగణిస్తుంది కనుక, రాష్ట్రం లోపల అమ్మే చిన్న వ్యాపారులకు ఉన్న టర్నోవరు మినహాయింపును నమ్ముకుని ఆగవద్దు; మీ ఆడిటరుతో మాట్లాడి నమోదు చేయించుకోండి. ఎగుమతుల మీద జీఎస్టీ రేటు సున్నా. దానిని రెండు విధాలుగా వాడుకోవచ్చు: ముందే ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర సరఫరాపై పడే జీఎస్టీ) కట్టి తరువాత వాపసు తీసుకోవడం ఒక దారి; ఎల్‌యూటీ అనే హామీపత్రాన్ని జీఎస్టీ పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఇచ్చి, పన్ను కట్టకుండానే పంపడం రెండవ దారి. చిన్న పెట్టుబడితో మొదలుపెట్టేవారికి రెండవదే మేలు, ఎందుకంటే వాపసు కోసం ఎదురుచూసే డబ్బుతో మరో విడత సరుకు కొనుక్కోవచ్చు. ఎల్‌యూటీ ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, ప్రతి ఏప్రిల్‌లో కొత్తగా ఇవ్వాలి.

ఇక ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతిదారుల కోడ్. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేటు) వెబ్‌సైట్‌లో పాన్, బ్యాంకు ఖాతా, చిరునామా వివరాలతో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము 500 రూపాయలు. మధ్యవర్తులు దీనికే వేలల్లో అడుగుతారు, ఇవ్వనవసరం లేదు. ఈ కోడ్‌కు కాలపరిమితి లేదు గాని, వివరాలలో మార్పు లేకపోయినా ప్రతి సంవత్సరం ఏప్రిల్ నుంచి జూన్ లోపల పోర్టల్‌లో ధ్రువీకరించాలి. అలా చేయకపోతే కోడ్ నిలిచిపోతుంది, ఆ సంగతి మీకు తెలిసేది పెట్టె కస్టమ్స్‌లో ఆగినప్పుడే.

ఐఈసీ రాగానే బ్యాంకు నుంచి ఏడీ కోడ్ లేఖ తీసుకోండి. మీ విదేశీ సొమ్ము ఏ బ్యాంకు శాఖ ద్వారా వస్తుందో కస్టమ్స్‌కు చెప్పే 14 అంకెల సంఖ్య అది. సరుకు ఏ కస్టమ్స్ కేంద్రం గుండా వెళుతుందో అక్కడ దానిని నమోదు చేయించాలి. కొరియర్ ద్వారా పంపితే సంస్థవారే ఈ పని చేయిస్తారు, అయినా ఎక్కడెక్కడ నమోదైందో రాసిపెట్టుకోండి.

ప్రతి సరుకుకూ అది ఏ రకమో కస్టమ్స్‌కు చెప్పే హెచ్‌ఎస్ కోడ్ ఒకటి ఉంటుంది. ఇందులో మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతటా ఒకటే. ఎండుమిరప కాయగానే వెళితే 0904 21, కారంగా దంచితే 0904 22. తేలికపాటి నూలు వస్త్రాలు 5208 కిందికి, పిల్లల ఆటబొమ్మలు 9503 కిందికి వస్తాయి. అవతలి దేశంలో ఎంత సుంకం పడుతుందో తేల్చేది ఈ అంకెలే. పక్క దుకాణదారు వాడుతున్నాడని మీరూ అదే వాడకుండా, ఒక్కసారి కస్టమ్స్ బ్రోకరుకు రుసుము ఇచ్చి మీ సరుకులన్నిటికీ కోడ్‌లు నిర్ణయింపజేసుకోండి.

పచ్చళ్ళు, పొడులు, కారం

ఆహారం అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే సంఖ్య లేకుండా అడుగు ముందుకు వేయకూడదు. ఆ సంస్థ ఫాస్కాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేసేటప్పుడు మీ వ్యాపార స్వభావంలో తయారీతో పాటు ఎగుమతి కూడా ఉన్నదని తప్పక చూపండి. పచ్చళ్ళు, అప్పడాలు అపెడా (వ్యవసాయ, ఆహార ఎగుమతుల ప్రోత్సాహక సంస్థ) పరిధిలోని సరుకులు, కనుక అక్కడ సభ్యత్వ నమోదు చేయించుకోండి. కారం, ఎండుమిరప, మసాలాలు అమ్మేవారు స్పైసెస్ బోర్డు దగ్గర మసాలా ఎగుమతిదారుగా నమోదు కావాలి. ఇందులో మనకు ఒక సౌకర్యం ఉంది: స్పైసెస్ బోర్డు నాణ్యతా పరీక్షా ప్రయోగశాల గుంటూరులోనే ఉంది. మిరపకు, మిరప ఉత్పత్తులకు అఫ్లాటాక్సిన్ (బూజు విషం), సుడాన్ (ఆహారంలో నిషిద్ధమైన కృత్రిమ రంగులు) పరీక్షలు ఎగుమతికి తప్పనిసరి. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్‌లు ఇథిలీన్ ఆక్సైడ్ (క్రిములను చంపడానికి వాడే వాయువు) కారణంగా కొన్ని భారతీయ మసాలాలను ఆపివేసిన తరువాత, ఆ రెండు చోట్లకు వెళ్ళే మసాలాలకు ఆ పరీక్ష కూడా చేర్చారు. ఐరోపా సమాఖ్య మన ఎండుమిరపను సరిహద్దుల దగ్గర అదనపు తనిఖీకి గురిచేస్తుంది. కాబట్టి గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చిన కాయ ఎంత ఎర్రగా ఉన్నా, ఎండబెట్టడంలో తేమ మిగిలితే బూజు విషం పుడుతుందని, దానిని కంటితో పట్టుకోలేమని గుర్తుంచుకోండి. రంగు కోసం ఏ పొడీ కలపని మరలోనే కారం పట్టించండి, ప్రతి విడతకూ సంఖ్య వేసి, నమూనా ఒకటి మీ దగ్గర దాచండి.

అమెరికాకు ఆహారం పంపే తయారీ కేంద్రం అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు కావాలి, అక్కడ ఉండే ఒక ప్రతినిధి పేరును ఇవ్వాలి. ఇది కాక, ప్రతి పెట్టెకూ ముందస్తు సమాచారం ఎఫ్‌డీఏకు ఆన్‌లైన్‌లో ఇచ్చి, వచ్చిన నిర్ధారణ సంఖ్యను పెట్టెతో పాటు పంపాలి. ఒక వ్యక్తి తన ఇంట్లో వండి, తానే కానుకగా పంపుకునే ఆహారానికి దీనినుంచి మినహాయింపు ఉంది. మన అమ్మలు పంపే ఆవకాయ సులువుగా చేరడానికి ఇది ఒక కారణం. అమ్మకానికి ఆ మినహాయింపు వర్తించదు.

పచ్చడిలో పులుపు సంగతి చాలామందికి తెలియదు. పుల్లదనం సహజంగా లేని కాకర, కాలీఫ్లవర్ వంటివాటికి చింతపండో నిమ్మరసమో చేర్చి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 4.6 కన్నా తగ్గిస్తే, అందులోని నీటి క్రియాశీలత (క్రిములు పెరగడానికి అందే తేమ కొలత) 0.85 దాటి ఉంటే, అమెరికా దానిని ఆమ్లీకరించిన ఆహారంగా చూస్తుంది. గాలి చొరబడకుండా మూసిన డబ్బాలో అటువంటిది పంపాలంటే తయారీ విధానాన్నే ఎఫ్‌డీఏకు విడిగా సమర్పించాలి. ఉప్పు, నూనె బాగా పట్టిన మామిడికాయ, మాగాయ, నిమ్మకాయ పచ్చళ్ళతో పోలిస్తే వీటికి చిక్కు ఎక్కువ. కనుక మొదట మీ రకాలన్నిటినీ విడివిడిగా ప్రయోగశాలకు పంపి ఈ రెండు కొలతలు తెప్పించుకోండి, ఫలితాలు చూసి నిర్ణయించండి. తాజా దోసావకాయ వంటి, ఎక్కువ రోజులు నిలవనివాటిని పంపే ఆలోచనే మానుకోండి.

మాంసం పచ్చళ్ళ గురించి సూటిగా చెబుతాను. గోంగూర చికెన్, మటన్ పచ్చళ్ళకు ఎంత గిరాకీ ఉన్నా అమెరికాకు గాని ఐరోపాకు గాని ఆస్ట్రేలియాకు గాని పంపకండి. మన దేశపు మాంసాన్ని అమెరికా అనుమతించదు. "వెజ్ పికిల్" అని రాసి పంపించేస్తామనేవారు మన ఊళ్ళోనే దొరుకుతారు. దొరికిపోయేది మాత్రం మీ పేరు, మీ ఐఈసీ సంఖ్య.

లేబుల్ మీద ఎక్కువ సమయం పెట్టండి. పదార్థాలన్నీ బరువు తగ్గే వరుసలో ఉండాలి; అమెరికాకైతే నికర బరువు ఔన్సుల్లోనూ గ్రాముల్లోనూ రాయాలి; కెనడాకైతే ఆంగ్లంతో పాటు ఫ్రెంచి కూడా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం అలెర్జీ కలిగించే పదార్థాల ప్రకటన, ఎందుకంటే ఇందులో పొరపాటు మనిషి ప్రాణం మీదికి వస్తుంది. మన వంటింట్లో ఎవరూ ఆలోచించని వస్తువులు ఈ జాబితాలో ఉంటాయి. ఆవకాయలో ఆవపిండి ఉంటుంది. ఆవాలు బ్రిటన్, ఐరోపా సమాఖ్య, కెనడాల్లో తప్పక ప్రకటించవలసిన అలెర్జీ పదార్థం. నువ్వులను అమెరికా 2023 జనవరి 1 నుంచి తన జాబితాలో చేర్చింది. పచ్చడిలో మనం పోసేది గానుగ నువ్వులనూనె కనుక అది కూడా లెక్కలోకి వస్తుంది. పల్లీల పొడి, నువ్వుల పొడి సరేసరి. ఇంగువ మాటే చాలామంది మరచిపోతారు: బజారులో దొరికే ఇంగువలో సాధారణంగా గోధుమపిండో మైదానో కలుస్తుంది. మీరు కొన్న ఇంగువ డబ్బా వెనక చదవండి. గోధుమ ఉంటే మీ పచ్చడి లేబుల్ మీద కూడా గోధుమ అని ఉండాలి. ఒకే గరిటెతో పల్లీల పొడీ కందిపొడీ కలిపే అలవాటు ఉంటే అది మానుకోవాలి, లేదా ఆ సంగతి లేబుల్ మీద చెప్పాలి.

ధర కట్టే ముందు పెట్టె కొలవండి

కొరియర్ సంస్థలు అసలు బరువు, ఘనపరిమాణపు బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే ఘనపరిమాణపు బరువు కిలోల్లో వస్తుంది. అంబారీ ఏనుగును విరగకుండా సర్దడానికి 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె వాడారనుకోండి: 36,000ను 5000తో భాగిస్తే 7.2 కిలోలు. బొమ్మ, పెట్టె కలిపి తూకానికి కిలోన్నర అయినా మీరు కట్టవలసింది 7.2 కిలోలకు. అదే మడత చీరను 30, 25, 5 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే వచ్చేది 0.75 కిలో మాత్రమే. ఈ లెక్క చేయకుండా వెబ్‌సైట్‌లో "షిప్పింగ్ ఉచితం" అని పెట్టి, మొదటి పది ఆర్డర్లలోనే మూలధనం పోగొట్టుకున్నవారిని నేను చూశాను. పచ్చళ్ళలో గాజు సీసాకు బదులు మందపాటి పౌచ్ వాడితే బరువూ తగ్గుతుంది, పరిమాణమూ తగ్గుతుంది.

ధరలో సరుకు విలువ, ప్యాకింగు, రవాణా, చెల్లింపు సంస్థ తీసుకునే రుసుము, పరీక్షల ఖర్చులో ఒక పాలు, పోయిన పెట్టెల కోసం ఒక పాలు ఉండాలి. అవతలి దేశపు సుంకం ఎవరు కట్టాలో కొనే ముందే స్పష్టంగా రాయండి. అమెరికాలో 800 డాలర్ల లోపు పెట్టెలకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో ముగిసింది. ఆ సమయంలో మన తపాలా శాఖ అమెరికాకు సేవలను కొంతకాలం ఆపి, 2025 అక్టోబరు 15న, సుంకాన్ని ఇక్కడ బుక్ చేసేటప్పుడే వసూలు చేసే పద్ధతితో తిరిగి మొదలుపెట్టింది. అమెరికా సుంకాల రేట్లు ఈ మధ్య తరచుగా మారుతున్నాయి, కనుక నెల క్రితపు రేటుతో ధర చెప్పకండి, పంపే వారంలో మళ్ళీ చూసుకోండి. బ్రిటన్‌కు 135 పౌండ్ల లోపు సరుకును మీ సొంత వెబ్‌సైట్ నుంచి నేరుగా అమ్మితే అక్కడి వ్యాట్ నమోదు, వసూలు మీ బాధ్యత; పెద్ద మార్కెట్‌ప్లేస్ (చాలామంది అమ్మకందారులకు చోటిచ్చే వెబ్‌సైట్) ద్వారా అమ్మితే ఆ పని అదే చూసుకుంటుంది. ఐరోపా సమాఖ్య 2021 జూలై 1 నుంచి చిన్న పెట్టెలకు వ్యాట్ మినహాయింపును ఎత్తివేసింది. అందుకే బ్రిటన్, ఐరోపా కొనుగోలుదారులతో మొదలుపెట్టేవారు మొదటి సంవత్సరం మార్కెట్‌ప్లేస్‌లోనే అమ్మడం మంచిదని నా అభిప్రాయం, కమిషన్ పోయినా సరే.

అమ్మకపు పేజీ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పగటి వెలుతురులో తీసిన ఫొటోలు, కొలతలు, బరువు, పదార్థాలు, చేరే సమయానికి నిజాయితీగల అంచనా, ఏయే దేశాలకు పంపరో ఉంటే చాలు.

సర్దడం

పచ్చడి పెట్టెకు మొదటి శత్రువు నూనె. విమానంలో గాలి పీడనం తగ్గినప్పుడు మూతల సందుల్లోంచి నూనె పైకి ఎగదన్నుతుంది, ఒక్క పౌచ్ కారితే పెట్టె అంతా తడిసి, వాసన వచ్చి, ఎక్కడో ఒక గిడ్డంగిలో పక్కన పెట్టేస్తారు. అందుకే పైన తేలే నూనెను కొంత వంచి, పౌచ్‌లో కాస్త ఖాళీ వదిలి, అంచులు పొడిగా తుడిచాకే సీలు వేయండి. అంచున నూనె చుక్క ఉంటే సీలు పట్టినట్లే పట్టి విడిపోతుంది. ఆ పౌచ్‌ను మరో పౌచ్‌లో పెట్టి మళ్ళీ సీలు వేయండి. తరువాత నేను చేసే పరీక్ష ఒకటి ఉంది: పౌచ్‌లను తెల్ల కాగితం మీద తలకిందులుగా పరిచి, వాటి మీద అయిదు కిలోల బియ్యం సంచి పెట్టి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున కాగితం మీద మరక కనిపించిన పౌచ్ ప్రయాణానికి పనికిరాదు.

పెట్టె అయిదు పొరల అట్టది, కొత్తది కావాలి. కిరాణా కొట్టు పాత పెట్టెల మీద మిగిలిన అక్షరాలు కస్టమ్స్ వారిని తికమక పెడతాయి, అట్ట కూడా అప్పటికే మెత్తబడి ఉంటుంది. కదిపితే లోపల ఏదీ కదలకూడదు. నిండిన పెట్టెను నడుము ఎత్తు నుంచి ఒక్కొక్క మూల మీద వదిలి చూడండి. అంతకన్నా పెద్ద దెబ్బలే దారిలో తగులుతాయి. చీరలను తేమ తగలని కవరులో పెట్టి, అంచు జరీ మీద మడత పడకుండా మధ్యలో పలుచని కాగితం వేయండి. బొమ్మల్లో బయటికి పొడుచుకువచ్చిన చేతులకూ కొమ్మలకూ ముందు దూది చుట్టి, ఆ తరువాత బబుల్ ర్యాప్ వేయండి. బయట చెక్కపెట్టె వాడవద్దు. దానికి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం శుద్ధి ముద్ర కావాలి.

పంపడం

మీకు రెండు దారులున్నాయి. తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలలో (తపాలా ఎగుమతి కేంద్రాలు) చిన్న ఎగుమతిదారు ఇంటి దగ్గరనుంచే పోర్టల్‌లో నమోదై, పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే ఎగుమతి ప్రకటన దాఖలు చేసి, లేబుల్ ముద్రించి, పెట్టెను కేంద్రంలో ఇవ్వవచ్చు. చీరలు, తేలికపాటి బొమ్మలు, తొందర లేని సరుకులకు ఇది చవక. ఏ దేశానికి ఏ సేవలో ఎంత బరువు వరకు అనుమతి ఉందో అక్కడే కనుక్కోండి. రెండవది ప్రైవేటు కొరియర్. అందులో వ్యాపార సరుకు సీఎస్‌బీ-5 (కొరియర్ షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి ప్రకటన) కింద వెళ్ళాలి; సీఎస్‌బీ-4 కానుకలకు, నమూనాలకు ఉద్దేశించినది. కౌంటరులో మనిషి మీ ఐఈసీ అడగకుండానే రశీదు ఇస్తున్నాడంటే మీ సరుకును కానుకగా రాస్తున్నాడేమోనని అనుమానించి, ఏ బిల్లు కింద పంపుతున్నారో అడగండి. కానుకగా వెళ్ళిన సరుకుకు ఎగుమతి రుజువు ఉండదు. రుజువు లేకపోతే జీఎస్టీ లెక్కలో అది ఎగుమతి కాదు.

ఇన్వాయిస్ మీద సరుకును స్పష్టంగా వర్ణించండి. "పచ్చడి" అని కాక "మామిడికాయ ఆవకాయ, శాకాహారం, 500 గ్రాముల పౌచ్‌లు 4" అని, "చీర" అని కాక "చేనేత నూలు చీర, 100 శాతం నూలు, 1" అని ఆంగ్లంలో రాయాలి. విలువ కొనుగోలుదారు కట్టిన విలువే కావాలి. సుంకం తగ్గుతుంది, తక్కువ వేయమని కొందరు కొనుగోలుదారులు ప్రేమగానే అడుగుతారు, ఒప్పుకోవద్దు. తక్కువ వేసిన పెట్టె పోతే బీమా కూడా ఆ తక్కువ విలువకే వస్తుంది, బ్యాంకు ఖాతాలో పడిన మొత్తం మరోలా ఉంటుంది.

పెట్టె తిరిగి వస్తే, మన కస్టమ్స్ దానిని దిగుమతి సరుకులాగే చూస్తుంది. మీరే పంపిన సరుకు మీకే తిరిగి వచ్చిందని చూపడానికి పంపిన నాటి బిల్లు, ఫొటోలు కావాలి. పచ్చళ్ళను తిరిగి రప్పించే ప్రయత్నమే వద్దు, డబ్బు వాపసు ఇవ్వడం చవక.

డబ్బు

సరుకు బయలుదేరే ముందే పూర్తి సొమ్ము తీసుకోండి. కొనుగోలుదారు బంధువు గుంటూరులో ఉన్నాడని, అతడు ఫోన్‌పేలో రూపాయలు పంపుతాడని చాలాసార్లు ప్రతిపాదన వస్తుంది. చూడటానికి సులువే, కానీ బ్యాంకు మీ షిప్పింగ్ బిల్లుకు ఎదురుగా విదేశీ సొమ్ము వచ్చిందా అని చూస్తుంది. రూపాయల్లో వచ్చిన ఆ జమను ఆ బిల్లుకు జత చేయడం దాదాపు కుదరదు. అందుకే విదేశం నుంచి వచ్చే మార్గాలనే వాడండి: నేరుగా బ్యాంకు బదిలీ, పేపాల్, లేదా మార్కెట్‌ప్లేస్ సొంత చెల్లింపు. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశం లోపలి చెల్లింపులు ఆపివేసినా, విదేశీ చెల్లింపులకు పనిచేస్తుంది. సరుకు ఎగుమతికి ముందుగా వచ్చిన సొమ్ముకు పీ0103 అనే పర్పస్ కోడ్ (సొమ్ము దేనికోసం వచ్చిందో చెప్పే గుర్తు) పడాలి. పొరపాటున "కుటుంబ పోషణ" వంటి కోడ్ పడితే బ్యాంకుకు రాసి సరిచేయించండి. విదేశీ సొమ్ము చేరినట్లు ఇచ్చే పత్రాన్ని ప్రతి చెల్లింపుకూ తీసుకోండి. ఎగుమతి సొమ్ము దేశంలోకి రావడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చే గడువు 9 నెలలు ఉండేది, 2025 నవంబరులో దానిని 15 నెలలకు పెంచారు. ముందే సొమ్ము తీసుకునేవారికి గడువుతో చిక్కు రాదు గాని, వచ్చిన సొమ్మును ఏ బిల్లుకు జత చేయాలో బ్యాంకుకు చెప్పే పని మాత్రం మీదే.

ఒక్కొక్క ఆర్డరుకు ఒక్కొక్క కవరు పెట్టండి. అందులో ఇన్వాయిస్, షిప్పింగ్ బిల్లు లేదా పోస్టల్ బిల్లు, ట్రాకింగ్ సంఖ్య, సొమ్ము చేరిన పత్రం, సర్దిన పెట్టె ఫొటో, ఆహారమైతే ఆ విడత పరీక్షా ఫలితం ఉండాలి. కవరు మీద సంఖ్య, లోపలి అన్ని కాగితాల మీద అదే సంఖ్య. ఆడిటరు, బ్యాంకు, కస్టమ్స్ ఎవరు ఏది అడిగినా ఆ ఒక్క కవరు తీసి ఇవ్వగలగాలి.

గోడ క్యాలెండరులో మూడు చోట్ల గుర్తు పెట్టుకోండి: ఏప్రిల్ మొదటి వారంలో ఎల్‌యూటీ, జూన్ ముగిసేలోపు ఐఈసీ ధ్రువీకరణ, అమెరికాకు ఆహారం పంపేవారైతే ప్రతి సరిసంఖ్య సంవత్సరంలో అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 లోపు ఎఫ్‌డీఏ నమోదు పునరుద్ధరణ. ఈ చివరిది తప్పితే మీ నమోదు రద్దవుతుంది, ఆ జనవరిలో సంక్రాంతి కోసం పంపిన అరిసెల పెట్టె అమెరికా రేవులోనే ఆగిపోతుంది.